వడగట్టిన బ్రేక్ ఆయిల్

నాయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, హిందూపురం బెల్లం మండీ వాళ్ల ప్రసాదన్న ధర్మవరంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన బెంగుళూరులో స్థిరపడి చాలా ఏళ్లయింది. గుండెకు ఆపరేషన్ అయిందని విన్నాను గానీ మనిషి అంతగా తగ్గిపోయి ఉంటాడని అనుకోలేదు. "రా అన్నా" అని కుర్చీ వేశాను. లోపలి గదిలో అమ్మ పడుకుని ఉంది. ఆయన పేరు ఆమె చెవిన పడితే ఇల్లు పీకి పందిరేస్తుంది కాబట్టి గొంతు తగ్గించే మాట్లాడాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, బాగోగులేవీ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"సుజాతా, మీ నాయనకు నేనొక అబద్ధం చెప్పినా. ఆయప్ప బతికున్నన్నాళ్లు నాకు నోరు రాలేదు. ఇంగ నా గుండె ఎన్నాళ్లు కొట్టుకుంటాదో తెలీదు. ఎవరికన్నా చెప్పి పోవల్ల."

"ఏం అబద్ధమన్నా?"

"రామాంజి పోయినప్పుడు టైరు పేలింది అని చెప్పినా గదా. టైరు పేలలేదమ్మా."

రామాంజి మా అన్న. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మద్రాసు దగ్గర రేసులు తోలే ట్రాక్ మీద, ప్రసాదన్న కారులో పోయాడు. టైరు పేలిందన్న మాట మా ఇంట్లో దేవుడి పటం లాగా గోడకు తగిలించి ఉండిపోయింది. దాన్ని ఎవరూ దించలేదు, దుమ్ము దులపలేదు. ఇన్నేళ్ల తర్వాత ఒక మనిషి వచ్చి అది అబద్ధమంటే, తెలుగు పంతులమ్మను, పిల్లలకు అర్థాలు చెప్పి బతికేదాన్ని, నాకు ఆ మాట అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. ఆయన తర్వాత చెప్పింది ఇక్కడ రాయాలంటే ముందు మా షెడ్డు సంగతి, మా ఇంటి తీరు చెప్పాలి. అవి తెలియకపోతే ఇదేదో మెకానిక్కు పొరపాటు అనుకుంటారు. అది మా ఇంట్లో అందరం ముద్దు చేసి పెంచుకున్న బుద్ధి.

హిందూపురం నుంచి పెనుకొండకు పోయే రోడ్డులో ఊరు దాటే చోట మా షెడ్డు ఉండేది. బోర్డు లేదు. లారీల వాళ్లు, జీపుల వాళ్లు ఓబులేసు షెడ్డు అంటే చాలు, వచ్చేవాళ్లు. ఓబులేసు మా నాయన. షెడ్డు వెనకే ఇల్లు, మధ్యలో చిన్న వాకిలి, అక్కడొక నీళ్ల తొట్టి. గాలి ఇటు తిరిగితే మండీల మీదుగా చింతపండు, బెల్లం వాసన వచ్చేది, అటు తిరిగితే డీజిలు వాసన. అమ్మ సంగటి గెలికే చప్పుడూ నాయన సుత్తి చప్పుడూ ఒకేసారి మొదలయ్యేవి. నాయన అన్నానికి వచ్చేటప్పుడు చేతులకు రంపపు పొట్టు రుద్దుకుని, తర్వాత చింతపండు పిప్పితో తోముకునేవాడు. అయినా ఆయన కలిపిన ముద్దలో కొంచెం గ్రీజు వాసన ఉండేది. చిన్నప్పుడు ఆ ముద్ద కోసం నేనూ అన్నా కొట్టుకునేవాళ్లం. ఊరుబిండి నంజుకుని ఆ గ్రీజు సంగటి తిన్న నాలుకకు తర్వాత ఏ హోటలు తిండీ రుచించలేదు.

ఇంటిని నడిపింది మాత్రం నాయన తల్లి, మా అవ్వ. కరువులో పుట్టి కరువులో పెరిగిన మనిషి. ఆమె దగ్గర పారబోయడం అన్న పనే లేదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, బర్రెను కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. బజ్జీలు కాల్చిన నూనె వడగట్టి తాళింపుకు, తాళింపుకు పనికిరానిది దీపానికి, దీపానికీ పనికిరానిది తలుపు బందులకు. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక వడగట్టే గుడ్డ ఉండేది, పాత పంచె చించినది. దాన్ని నాలుగు మడతలు పెట్టి దేన్నయినా వడగట్టేది. "కంట్లో నలక లేకుంటే చూపు, నూనెలో నలక లేకుంటే సరుకు" అని ఆమె మాట. మాకు ఎవరికైనా చేతిలోంచి ఏదన్నా ఒలికిందా, ఆ పూటంతా సాధింపే. "పారబోసేదానికి నీకు చేతులెట్ల వచ్చెనే" అనేది. ఆ మాట వినీ వినీ మాకు ఏదన్నా కింద పోయడమంటే దొంగతనం చేసినంత భయంగా ఉండేది. నాయన ఆ తల్లి కొడుకే. షెడ్డులో ఇంజన్ ఆయిలు వడగట్టేవాడు, కిరోసిన్ వడగట్టేవాడు, లారీల బ్రేక్ ఆయిలు కూడా వడగట్టి మళ్లీ పోసేవాడు. లారీల వాళ్లకూ అదే కావాలి. బాగాలేదని ఏ బండీ ఎప్పుడూ తిరిగి రాలేదు. ఊర్లో నాయనకు ఉన్న మంచిపేరులో సగం ఆ గుడ్డ తెచ్చిందే.

తొంభైల నడిమి కాలంలో ప్రసాదన్న ఆ కారు తెచ్చాడు. జపానుది, రెండే తలుపులు, నేలకు అతుక్కున్నట్టు ఉండేది. ఎవరో విదేశీ దొర బెంగుళూరులో వాడి అమ్మేసి పోయినదట. దీపాలు మూతల కింద దాక్కుని, మీట నొక్కితే పైకి లేచేవి. చూసిన పిల్లలు దానికి కప్పకారు అని పేరు పెట్టారు. ప్రసాదన్నకు మద్రాసు ట్రాక్ మీద దాన్ని తోలాలని పిచ్చి. బెంగుళూరు దోస్తులు కొందరు కలిసి ఒక రోజుకు ట్రాక్ అద్దెకు తీసుకుని, పందెం లేకుండా ఉత్తినే తోలుకునేవాళ్లు. మొదటిసారి పోయినప్పుడు రెండు చుట్లకే ఇంజను ఉడికి, బ్రేకులు పొగలు కక్కి, కారు లారీ ఎక్కి తిరిగొచ్చింది. బెంగుళూరు షెడ్లలో చెప్పిన మాటలు ఆయనకు నచ్చలేదు. మండీ లారీలన్నీ చూసేది నాయనే కాబట్టి, చిన్నప్పటి నుంచి తెలిసిన చెయ్యి కాబట్టి, తెచ్చి మా వాకిట్లో పెట్టాడు.

నాయన దాని చుట్టూ ఒక పూటంతా తిరిగాడు. పడుకుని కింద చూశాడు, ముక్కు దగ్గర కూర్చుని లోపల చూశాడు. చివరకు అన్నను పిలిచి, "రోడ్డు మీద పోయే బండికి ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతాదిరా. ఆడ సందు లేదు. పరిగెత్తినంత సేపు పరుగే. ఇది రోగం కాదు, పని మారింది, అంతే" అన్నాడు. అన్న నవ్వుతూ నిలబడి ఉన్నాడు. వాడికి ఆ కారును చూడగానే కళ్లు వెలిగాయి. పాలిటెక్నిక్ చదివి ఉద్యోగానికి పోతాడనుకున్నవాడు ఆ రోజు నుంచి షెడ్డు వదల్లేదు. అమ్మ ఎంత మొత్తుకున్నా గాలికి పోయింది. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు, మా ఇంట్లో అట్లాంటి వాళ్లు ఇద్దరు.

మొదట చల్లదనం పని పట్టారు. రేడియేటరుకు ఇంకో వరస గొట్టాలు చేర్పించారు. అయినా వేడి చూపే ముల్లు పైకి పోతూనే ఉండేది. అప్పుడు నాయన నేను కుట్టుకు దాచుకున్న మగ్గం దారాల తుంపులు అడిగి తీసుకుని, కారు ముక్కు నిండా జూలు లాగా అంటించాడు. అన్న తోలుతుంటే నాయన జీపులో పక్కన పోతూ ఆ దారాలు ఎటు ఎగురుతున్నాయో చూశాడు. చెన్నేకొత్తపల్లి దాకా పోయి వచ్చి, "గాలి లోపలికి పోతాండాది, రేడియేటరు పక్కనుంచి జారుకుంటాండాది" అని తేల్చాడు. నూనె డబ్బాల రేకులు కత్తిరించి, సందులన్నీ మూసి, గాలంతా రేడియేటరు గుండానే పోయేట్టు దారి కట్టాడు. ముల్లు నిలబడింది. మా బోరు నీళ్లు ఉప్పన, వాటితో గొట్టాలు గార పడతాయని వాన నీళ్లు పట్టి పెట్టి, అవ్వ గుడ్డతోనే వడగట్టి పోశాడు. "కారుకు వాన నీళ్లు, మనకు ఉప్పు నీళ్లు. ఏం యోగంరా దానిది" అని అవ్వ సణిగింది. కానీ గుడ్డ తానే ఉతికి ఇచ్చింది.

తర్వాత స్ప్రింగులు. కారు మలుపుల్లో ఒరగకుండా ఉండాలంటే స్ప్రింగులు రెండు చుట్లు కోసేయమని ప్రసాదన్న దోస్తులు చెప్పారట. నాయన ఒప్పుకోలేదు. "కోస్తే పొట్టిదయితాది గానీ దాని బుద్ధి చెడిపోతాది" అని, లావు కమ్మీతో పొట్టి స్ప్రింగులు కొత్తగా చుట్టించాడు. షాకబ్జర్లలో పల్చటి నూనె తీసి చిక్కటిది నింపాడు. రబ్బరు బుష్షుల చోట గట్టి నైలానువి లేతు మిషను మీద తీయించాడు. అవన్నీ బిగించాక కారులో అమ్మను పరిగి దాకా తీసుకుపోయి తెచ్చాడు అన్న. అమ్మ దిగి నడుము పట్టుకుని, "దీనికన్నా ఎద్దులబండి మేలు కదరా, నా పండ్లు లెక్కపెట్టుకోవల్ల" అంటే షెడ్డంతా నవ్వింది. నాయన నవ్వడం నేను అరుదుగా చూశాను. ఆ రోజు మాత్రం తల పైకెత్తి నవ్వాడు.

బ్రేకుల పని పెనుకొండలో జరిగింది. కొండ మీదికి పోయే దారి మలుపులు మలుపులుగా ఉంటుంది. తెల్లవారుజామున ఎవరూ లేని వేళ అన్న పైకి ఎక్కించి, కిందికి బ్రేకు మీదే దించేవాడు. మొదటి రోజు కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర పొగ, కాలి కింద బ్రేకు మెత్తగా బురదలో దిగినట్టు దిగిపోయింది. అన్న గేరు మార్చి, గట్టుకు రాసి ఆపాడు. అప్పుడు పెద్ద డిస్కులు వేశారు. ముందు నుంచి లావు గొట్టాలు పెట్టి డిస్కుల మీదికి గాలి మళ్లించారు. ప్రసాదన్న బెంగుళూరు నుంచి ఒక చిన్న డబ్బా తెచ్చాడు, ఎక్కడో బయటి దేశంలో చేసిన బ్రేక్ ఆయిలు. "ఇది ఎంత వేడికి గానీ ఉడకదన్నా. మామూలు ఆయిలు ఉడికి గాలి బుడగలయితాది, అందుకే కాలు దిగిపోతాది" అన్నాడు. ఆ డబ్బా పోసిన తర్వాత అన్న కొండ మీది నుంచి ఎన్నిసార్లు దిగినా బ్రేకు బండరాయి లాగా నిలబడింది. ఆ రోజు పెనుకొండ బస్టాండు దగ్గర అందరం ఉగ్గాని తిన్నాం. అన్న నాయన విస్తరిలోంచి బజ్జీ లాక్కున్నాడు.

బ్రేకు గొట్టాల్లో గాలి తీయడమంటే ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని బ్రేకు నొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, బుడగలతో వచ్చే నూనెను సీసాలోకి పట్టాలి. మా ఇంట్లో ఆ నొక్కే పని చేయని మనిషి లేదు. అమ్మ చేతిలో పని వదిలి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వచ్చి కూర్చునేది. "నొక్కు రంగమ్మా. పట్టుకో. ఇడ్సు. ఇంగోసారి" అని నాయన గొంతు కింద నుంచి వినిపించేది. అట్లా సీసాలోకి వచ్చిన ఆ ఖరీదైన నూనెను పారబోయమని చెప్పడానికి మా షెడ్డులో ఎవరికీ నోరు లేదు. నాయన దాన్ని గుడ్డతో వడగట్టి, మూత పగిలిన ఊరగాయ జాడీలో పోసి, మూతికి ఇంకో గుడ్డ కట్టి, నీళ్ల తొట్టి పక్కన నీడలో పెట్టాడు. ఆ ఏడు వానలు రెండు పదున్లు, నేల లోపలి దాకా తడిసేట్టు, బాగానే పడ్డాయి. జాడీ అక్కడే ఉంది.

అసలు తోలాల్సింది ప్రసాదన్న. కానీ కొండ మీద అన్న తోలిన తీరు చూసి, "ఈసారి ట్రాక్ మీద కొన్ని చుట్లు నువ్వు తోలు రామాంజీ, నేను పక్కన నిలబడి చూస్తా" అన్నాడు. అన్న ఆ రాత్రి నుంచి నేల మీద నడవలేదు. అమ్మ అడ్డం పడింది. "ఈడ చేసింది చాలు, ఆడికేంటికి పోయేది" అంది. అప్పుడు నాయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆయన గొప్పలు పోయే మనిషి కాదు, ఆ ఒక్కసారే పోయాడు. "నేను కట్టిన బ్రేకు రంగమ్మా. ఇంగెవరి బండి అయినా అయితే నేనే వద్దందును" అన్నాడు. అమ్మకు అంతకుమించి భరోసా ఏముంటుంది, ఊరుకుంది.

బయలుదేరే ముందు రోజు ప్రసాదన్న ట్రాక్‌కు పనికొచ్చే గట్టి బ్రేకు ప్యాడ్లు తెచ్చాడు. అవి వేసేటప్పుడే నూనె కూడా మార్చి మళ్లీ గాలి తీయాలనుకున్నారు. డబ్బా అడుగంటింది. బెంగుళూరుకు మనిషిని పంపే వ్యవధి లేదు. ఉన్నా నాయన పంపి ఉండడు. జాడీ తెచ్చి వెలుతురుకు పట్టి చూశాడు. తేనె లాగా నిర్మలంగా ఉంది. "ఆ డబ్బాలోదే గదా ఇది" అని మరోసారి వడగట్టి పోశాడు. సాయంత్రం పూట అమ్మ లోపల కూర్చుని నొక్కింది. గట్టిగా ఉందా అని నాయన అడిగితే, రాయి లాగుంది అంది అమ్మ. మరుసటి రోజు అన్న కొత్త చొక్కా వేసుకుని, అవ్వ కాళ్లకు మొక్కి, కారును లారీలోకి ఎక్కించుకుని పోయాడు. నాకు మద్రాసు నుంచి గాజులు తెస్తానన్నాడు. నేను గాజులొద్దు, డిక్షనరీ తెమ్మన్నాను. వాడు నా జడ లాగి పోయాడు.

శవం వ్యానులో వచ్చింది. ప్రసాదన్న ముందు సీట్లోంచి దిగి వాకిట్లోనే కూలబడ్డాడు. పొడుగాటి తిన్నని దారి చివర మలుపు దగ్గర ముందు టైరు పేలిందని, కారు గోడకు పోయిందని, ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందని చెప్పాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఊపింది. "పాత టైర్లేసి నా బిడ్డను సంపినావు గదరా" అని మన్ను తీసి ఆయన మీద పోసింది. ఆయన చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ ఏడాది దాటకుండా ఆమె కూడా పోయింది.

దినాలు అయిపోయిన తర్వాత నాయన కబురు పెడితే, ప్రసాదన్న విరిగిన కారును తెచ్చి షెడ్డులో దించిపోయాడు. నాయన నాలుగు టైర్లూ చేత్తో తడుముతూ చాలాసేపు దాని పక్కన కూర్చున్నాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి రెండు గరిటెలు తీసుకుపోయాడు. నేను వెనకే వెళ్లి చూశాను. కిరోసిన్ స్టవ్వు వెలిగించి, ఒక గరిటెలో జాడీలో మిగిలిన నూనె, ఇంకో దాంట్లో ఏదో కొత్త డబ్బా విప్పి ఆ నూనె పోసి, రెండూ మంట మీద పట్టుకుని ఉన్నాడు. జాడీ నూనె ఉన్న గరిటెలో బుడగలు వచ్చాయి. ఇంకో దాంట్లో రాలేదు. ఆయన స్టవ్వు ఆర్పకుండా అట్లాగే కూర్చున్నాడు. నాకు భయమేసి, "నాయనా, ఏం చేస్తాండావు?" అన్నాను. "ఏం లేదు పాపా, పో" అన్నాడు. దుఃఖంలో మతి చలించిందేమో అనుకున్నాను. అమ్మ తన గరిటెల కోసం అరిచింది, నేను కడిగి తెచ్చి ఇచ్చాను.

ఆ రోజు నుంచి నాయన పారబోయడం మొదలుపెట్టాడు. గుడ్డ ముట్టుకోలేదు. జాడీ పగలగొట్టాడు. షెడ్డుకు ఏ బండి వచ్చినా పాత నూనె మట్టిలో పోసేవాడు, కొత్త డబ్బా విప్పితే మిగిలింది కూడా పోసేవాడు. లారీల వాళ్లు గొణిగారు, కొందరు రావడం మానుకున్నారు. ఇంట్లో కూడా అంతే. నిన్నటి చారు కనిపిస్తే తీసుకుపోయి పెరట్లో పోసేవాడు. చెంబులో సగం నీళ్లుంటే పారబోసి మళ్లీ ముంచుకునేవాడు. కరువు నేలలో అట్లా చేసే మనిషిని చూసి చుట్టుపక్కలవాళ్లు, "ఓబులేసుకు కొడుకుతో పాటే బుద్ధీ పాయె" అనుకున్నారు. అమ్మ కూడా అదే అనుకుంది. అమ్మ ప్రసాదన్నను తిట్టని రోజు లేదు. "ఆ ముదనష్టపోడి చేతులు పడిపోను, నా కొడుకును మింగినోడు మట్టి కొట్టుకుపోను" అని అన్నం వడ్డిస్తూ కూడా తిట్టేది. నాయన ముద్ద కలిపినవాడు కలిపినట్టే లేచిపోయేవాడు. ఆమె మళ్లీ పిలిచి పెట్టేది. ఆయన మళ్లీ కూర్చునేవాడు. తిట్లు కూడా మళ్లీ మొదలయ్యేవి.

పెళ్లై నేను ధర్మవరం వచ్చేశాను. కొన్నేళ్లకు షెడ్డు మూసి వాళ్లిద్దరూ నా దగ్గరికే వచ్చారు. ఇప్పుడు చెన్నేకొత్తపల్లి మీదుగా పోయే ఆ రోడ్డు చూస్తే దారాలు అంటించుకుని ఒక నీలం కారు అందులో పోయిందని ఎవరూ నమ్మరు. నాలుగు వరసల దారి, బ్రేకు ఎందుకున్నదో కూడా తెలియని తోలుడు. మా బడి పిల్లలు బండ్లకు చప్పుడు గొట్టాలు పెట్టించుకుని, అది నేర్పు అనుకుంటున్నారు. మూత విప్పిన బ్రేక్ ఆయిలు డబ్బా మళ్లీ వాడకూడదని ఈ రోజు ఏ దుకాణంలోనైనా చెబుతారు, డబ్బా మీదే రాసి ఉంటుంది. మా కాలంలోనూ ఆ చిన్న డబ్బా మీద రాసే ఉండి ఉంటుంది, పరాయి భాషలో. వాడి పారేసే ఈ కాలాన్ని చూసి నాకు ఒళ్లు మండుతుంది. ఆ పొదుపును తలుచుకుంటే ఇంకా ఎక్కువ మండుతుంది.

ప్రసాదన్న ఆ మధ్యాహ్నం చెప్పింది ఇది. కారు గోడను తాకక ముందు మలుపు దగ్గర అన్న కాలు బ్రేకు మీద మళ్లీ మళ్లీ పడింది. వెనక ఎర్ర దీపాలు వెలిగి ఆరి, వెలిగి ఆరి కనిపించాయట. టైర్లు నాలుగూ గాలితోనే ఉన్నాయి. ట్రాక్ దగ్గర ఉన్న ఇంజనీరు ఒకాయన నూనె తీసి వేడి చేసి చూసి, ఇందులో నీళ్లు కలిశాయి, పాత నూనె, మూత లేకుండా పెట్టినది అన్నాడట. ఆ నూనెకు గాలిలో తేమ పీల్చే గుణం ఉందట. గుడ్డతో నలక పోతుంది గానీ నీళ్లు పోవు, కంటికి కనబడవు. మామూలు రోడ్డు మీద ఏళ్లకేళ్లు నడుస్తుంది, ట్రాక్ వేడికి మాత్రం ఉడికిపోతుంది.

"జాడీ నేను చూసింటి సుజాతా. పోసేటప్పుడు ఆడనే ఉండా. నాకూ అంత తెలీదు. తెలిసినాక, కొడుకును పోగొట్టుకున్న మనిషికి నీ చేత్తోనే అని ఎట్ల చెప్పేది? టైరు మీద పెట్టినా. మీయమ్మ తిట్లు నేను పడితే చాల్లే అనుకున్నా. ఆయప్పకు తెలీకుండానే పోయినాడు, అంతవరకు మేలు."

అప్పుడు నాకు ఆ రెండు గరిటెలు అర్థమయ్యాయి. పారబోసిన ప్రతి చెంబూ అర్థమైంది.

"మా నాయనకు తెలుసన్నా" అన్నాను. "విరిగిన కారు వచ్చిన రోజే తెలుసుకున్నాడు. నూనె కాచి చూసినాడు."

ప్రసాదన్న కుర్చీలో ముందుకు వంగాడు. "మల్లెందుకు ఆయప్ప ఒక్క మాట అడగలేదు నన్ను" అన్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదో అందుకే."

అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. నిజానికి ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తన మంచితనంతో మా నాయన నోరు కుట్టేశాడు. అందరూ టైరు అంటుంటే, నేనే అని ఏ తండ్రి లేచి చెప్పగలడు? ఆ అబద్ధం లేకపోతే ఏదో ఒక రోజు అనేవాడేమో. ఈయన భరించాననుకున్న తిట్లన్నీ పక్కనే అన్నం తింటున్న మనిషి మీద పడ్డాయి, ఇరవై ఏళ్లకు పైగా. ప్రసాదన్న కళ్లు తుడుచుకుని, కర్ర పట్టుకుని, మెల్లగా మెట్లు దిగి పోయాడు. నేను గేటు దాకా వెళ్లలేదు.

ఈ సంగతి అమ్మకు ఎట్లా చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అని వరండాలో నిలబడి తల పట్టుకున్నాను. ఎనభైకి దగ్గర పడిన మనిషి, గుండె ఆగితే ఎవరిది పాపం. లోపలికి పోయి చూస్తే అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. తలుపు తీసే ఉంది. చెవులు బాగా వినపడతాయి ఆమెకు, మేమే మర్చిపోయాం. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఏడవలేదు. ప్రసాదన్నను ఒక్క మాట అనలేదు. గోడకేసి చూస్తూ అంది.

"ఆ పొద్దే చెప్పింటే మీ నాయన్ను నోరారా తిట్టేదాన్ని. నాలుగు బాదేదాన్ని గూడా. నెలో, ఏడాదో మొగం సూసుండను. మల్లా ఎప్పుడో ఒక పొద్దు ఇద్దరం ఒక సోట కూచోని ఏడ్చుండేవాళ్లం. ఇన్నేండ్లు ఆ మనిషికి ఉత్త అన్నమే పెట్టినా గదనే."